ఒడ్డున కనిపించిన వింత జీవి నిజంగా అరుదైనదేనా?

సముద్రం బాగా వెనక్కి తగ్గిన రోజున తీరం వెంట నడుస్తుంటే, ఒక్కోసారి ఎప్పుడూ చూడని జీవి తడి ఇసుక మీద కంటపడుతుంది. ఫొటో తీస్తాం, నలుగురికీ పంపుతాం. సాయంత్రానికల్లా అది ‘ఒడ్డుకు కొట్టుకొచ్చిన అరుదైన జీవి’ అయిపోతుంది. ఈ మాటలో రెండు సంగతులను మనం పరిశీలించకుండానే ఒప్పేసుకుంటున్నాం. అది అరుదైనదని ఒకటి, ఎక్కడి నుంచో కొట్టుకొచ్చిందని ఇంకొకటి. చాలాసార్లు ఈ రెండూ నిజం కావు. ఆ జీవి మన కాళ్ల కిందే, అడుగు లోతులో, వేల సంఖ్యలో ఎప్పటినుంచో బతుకుతూ ఉండొచ్చు. ఆ రోజు మన కంటపడిందంతే.

అందుకే అలాంటిది ఎదురైనప్పుడు దాని పేరేంటని అడిగేముందు, అది అక్కడికి ఎలా వచ్చిందో అడగడం మంచిది. నా అనుభవంలో మిగతా చిక్కుముడులన్నీ ఈ ఒక్క ప్రశ్నతోనే విడిపోతాయి. ఒడ్డున కనిపించే జీవికి మామూలుగా మూడు దారులుంటాయి. కొన్ని అక్కడే కాపురం ఉంటాయి, నీరు తగ్గినప్పుడు బయటపడతాయి. కొన్ని ఇంకాస్త లోతున, నేలలో పూడుకుని ఉంటాయి, పెద్ద అలలు వాటిని పెకలించి తెస్తాయి. ఇంకొన్ని నడిసముద్రంలో తేలుతూ తిరుగుతాయి, గాలి వాటిని ఒడ్డుకు తోస్తుంది. ఆ జీవి అరుదైనదా కాదా, బతికి బట్టకడుతుందా, దాన్ని మనం ఏం చేయాలి అన్న ప్రశ్నలకు జవాబులు ఈ దారిని బట్టే మారిపోతాయి.

ముందు అక్కడే ఉండే వాటి సంగతి చూద్దాం. ఖాళీగా కనిపించే ఇసుక తీరంలో ప్రాణులు దాదాపుగా అన్నీ లోపలే ఉంటాయి. పైన ఉంటే అలలు ఈడ్చుకుపోతాయి, నీరు తగ్గగానే ఎండ మాడ్చేస్తుంది, పక్షులు పొడుచుకు తింటాయి. లోపలికి దిగితే ఈ మూడింటి బెడదా తగ్గుతుంది గానీ వేరే ఇబ్బంది మొదలవుతుంది. ఊపిరాడదు. కాస్త బురద కలిసిన ఇసుకను చేత్తో తవ్వి చూడండి. పైపొర లేత రంగులో ఉంటుంది, కొద్దిగా దిగగానే నల్లబడుతుంది, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. అక్కడ ఆక్సిజన్ లేదు. సూక్ష్మజీవులు ఆక్సిజన్ లేకుండానే బతుకు సాగిస్తూ హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతాయి. అది ఇనుముతో కలిసి ఇసుకను నల్లగా మారుస్తుంది. ఆ నల్లటి పొరలో అక్కడక్కడా వేలెడంత మందాన గుండ్రటి బొరియ ఒకటి కనిపిస్తుంది, దాని గోడ చుట్టూ తుప్పు రంగు అంచు ఉంటుంది. లోపలున్న జీవి పైనుంచి నీళ్లు లాగి తన బొరియలో తిప్పుతోందని, ఆ నీటిలోని ఆక్సిజన్ తగిలి ఇనుము తుప్పు పట్టిందని ఆ అంచు చెబుతుంది. జీవిని చూడకపోయినా అది అక్కడ ఉందని, పని చేస్తోందని తెలిసిపోతుంది.

ఈ కోవలో నాకు బాగా ఇష్టమైనది బలనోగ్లాసస్ అనే పురుగుల జాతి. జువాలజీ పుస్తకంలో బొమ్మగా చాలామందికి తెలుసు, ప్రాణంతో చూసినవాళ్లు తక్కువ. ముందు మొన తేలిన మెత్తటి తొండం, దాని వెనక చిన్న కాలర్, ఆ తర్వాత పొడవాటి ఒళ్లు. బొరియను యు ఆకారంలో తవ్వుకుని, ఇసుకను మింగుతూ, అందులోని ఆహారాన్ని పీల్చుకుని, మిగిలిన ఇసుకను తోక వైపు నుంచి పైకి నెడుతుంది. పైన అది చుట్టలు చుట్టుకున్న చిన్న కుప్పలా పడి ఉంటుంది, కాస్త దూరంలో నోటి వైపు ఒక చిన్న గుంట ఉంటుంది. ఇలాంటి కుప్పలను లగ్‌వార్మ్ అనే వేరే పురుగు కూడా పెడుతుంది కాబట్టి కుప్పను చూసి తొందరపడకూడదు. దగ్గరగా వంగితే ఈ కుటుంబపు జీవుల దగ్గర ఒక ఘాటైన మందు వాసన వస్తుంది, అయోడిన్‌ను గుర్తుచేసేది. వాటి ఒంట్లోని బ్రోమిన్ సమ్మేళనాల వాసన అది. ఒకసారి పీలిస్తే మళ్లీ మరచిపోయేది కాదు. ఇంత ఆనవాలు ఇస్తున్నా దీన్ని ఎవరూ ఎందుకు చూడరంటే, ఒళ్లు మరీ మెత్తన. పారతో తవ్వితే ముక్కలవుతుంది, పట్టుకుని లాగితే తెగుతుంది. పూర్తి జీవి చేతికి దక్కడం కష్టం కాబట్టి అది అరుదైనదన్న పేరు తెచ్చుకుంది. దీని గొంతు పక్కన మొప్ప చీలికలు ఉంటాయి. వెన్నెముక ఉన్న జీవులకు, నక్షత్ర చేపల కుటుంబానికి మధ్య బంధుత్వాన్ని అర్థం చేసుకోవడానికి శాస్త్రవేత్తలు శతాబ్దానికి పైగా దీని వెంట పడింది అందుకే.

మనం చూడనంత మాత్రాన ఒక జీవి తక్కువగా ఉందనుకోవడం ఎంత పొరపాటో ఆంఫియాక్సస్ కథ చెబుతుంది. ఇదీ పాఠ్యపుస్తకాల జీవే. అయిదు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ పొడవుండే, రెండు చివరలా మొన తేలిన, లోపలి కండరాలు కనిపించేంత పారదర్శకమైన చిన్న ప్రాణి. ముతక ఇసుకలో ఒళ్లు దాచుకుని మూతి మాత్రం బయటపెడుతుంది. కాలు పక్కన పడితే చటుక్కున ఇసుకలోకి జారుకుంటుంది. ఎక్కడైనా తీరంలో ఒకటి దొరికితే వార్తే. కానీ చైనాలోని షియామెన్ దగ్గర జాలర్లు దీన్ని ఆహారం కోసం పెద్ద ఎత్తున పట్టేవాళ్లు. ఆ వేట గురించి అక్కడి విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎస్. ఎఫ్. లైట్ 1923లో ‘సైన్స్’ పత్రికలో రాశారు. ప్రపంచంలోని ప్రయోగశాలలు సీసాల్లో దాచుకున్న జీవి అక్కడ గంపల్లో దొరికేది. తర్వాత 1950ల్లో సముద్రపు పాయకు అడ్డంగా కట్ట వేశారు. నీటి ఒరవడి మారింది, ముతక ఇసుక మీద మెత్తటి మట్టి పేరుకుంది, వేట కుప్పకూలింది. అంటే ఒక జీవి నిజంగానే అరుదైపోవడం కూడా ఉంటుంది. ఒడ్డున నిలబడి ఒక్కటి కనిపించినదాన్ని బట్టి మాత్రం ఆ తేడా తెలియదు.

ఇక నీరు ఎప్పుడు ఎంత తగ్గుతుందన్నది. చాలా తీరాల్లో పోటుకూ పోటుకూ మధ్య 12 గంటల 25 నిమిషాలు పడుతుంది, అందుకే ఆటు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. రోజుకు ఒక్క పోటే వచ్చే తీరాలు కూడా ఉన్నాయి. చంద్రుడి లాగుడుతో పోలిస్తే సూర్యుడిది సగానికి కాస్త తక్కువ. అమావాస్యకూ పౌర్ణమికీ ఈ రెండూ ఒకే వరుసలోకి వచ్చి కలిసి పనిచేస్తాయి కాబట్టి, ఆ తిథులు దాటిన ఒకటి రెండు రోజుల్లో నీరు బాగా పైకి వస్తుంది, బాగా కిందికీ పోతుంది. మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల చుట్టుపక్కల ఈ తేడా ఇంకా పెరుగుతుంది. దానికి తోడు చంద్రుడు భూమికి దగ్గరగా ఉంటే, ఏడాదిలో కొద్ది గంటలు మాత్రమే గాలి తగిలే నేల బయటపడుతుంది. వింత జీవుల ఫొటోలు ఎక్కువగా ఆ గంటల్లో తీసినవే.

టైడ్ పట్టికలో రాసిందే కచ్చితంగా జరుగుతుందనుకోవద్దు. గాలి పీడనం ఒక హెక్టోపాస్కల్ పెరిగితే సముద్ర మట్టం దాదాపు ఒక సెంటీమీటరు అణుగుతుంది. పీడనం ఎక్కువగా ఉండి, గాలి నేల వైపు నుంచి సముద్రంలోకి వీస్తే, పట్టికలో చెప్పినదానికన్నా కింది దాకా నేల తేలుతుంది. వాయుగుండం ఉంటే అంతా తలకిందులు. ఇంకో సంగతి చాలామంది గమనించరు. రోజుకు రెండు పోట్లు సమంగా వచ్చే తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల ఆటు ఎప్పుడూ దాదాపు ఒకే వేళకు వస్తుంది. ఒక చోట అది తెల్లవారుజామున వస్తే పదిహేను రోజుల తర్వాతా తెల్లవారుజామునే. ఆ వేళ జనం నిద్రలో ఉండే తీరంలో ఎన్ని జీవులున్నా చూసేవాళ్లుండరు. కాలిఫోర్నియా లాంటి చోట్ల బాగా కింది ఆట్లు చలికాలంలో మధ్యాహ్నం పూట, ఎండాకాలంలో తెల్లవారుజామున వస్తాయి. కాబట్టి చలికాలపు జీవుల రికార్డులు ఎక్కువగా ఉన్నాయంటే, అందులో జీవుల లెక్క ఎంతో, మనుషులు మేలుకుని ఉండే వేళల లెక్కా అంతే ఉంటుంది.

రెండో దారి, అంటే అలలు పెకలించి తెచ్చినవి, అసలు గందరగోళమంతా ఇక్కడే. 2019 డిసెంబరులో ఉత్తర కాలిఫోర్నియాలోని డ్రేక్స్ బీచ్ మీద గులాబీ రంగులో, జానెడు పొడవున్న గొట్టాల్లాంటి జీవులు వేల సంఖ్యలో పరుచుకుని కనిపించాయి. ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి, చూసినవాళ్లకు అది ఏదో ప్రళయ సూచనలా అనిపించింది. అవి యూరెకిస్ కాపో అనే జీవులు, ఆ తీరపు పాత కాపులే. యు ఆకారపు బొరియలో ఉంటూ, జిగురుతో గరాటులాంటి వల అల్లి, ఒంటిని అలల్లా ముడుస్తూ నీళ్లను ఆ వలలోంచి లాగుతాయి. వల నిండాక వలతో సహా మింగేస్తాయి. పెద్ద ముక్కలను వదిలేస్తాయి, వాటిని తినడానికి అదే బొరియలో చిన్న పీతలు, ఒక రకం పురుగులు, గోబీ చేపలు చేరతాయి. ఇంతమందికి చోటిస్తాయి కాబట్టే అక్కడివాళ్లు వాటిని సత్రం యజమాని అని పిలుస్తారు. అప్పటి తుఫాను వాటి మీది ఇసుక పొరను ఊడ్చేసింది, ఇళ్లు కూలి బయటపడ్డాయి. మామూలు రోజుల్లో అదే తీరం మీద నడిచినవాళ్లకు అవి ఉన్నాయన్న అనుమానమైనా రాదు. ఒకేసారి వేలల్లో కనిపించడం, అంతకుముందు ఒక్కటీ కనిపించకపోవడం, ఈ రెండింటికీ కారణం ఒకటే, లోతు.

ఉత్తర అట్లాంటిక్, మధ్యధరా తీరాల్లో గాలివానల తర్వాత దొరికే సముద్రపు ఎలుక కూడా ఇలాంటిదే. ఒడ్డున పడి ఉన్నప్పుడు బురద అంటుకున్న వెంట్రుకల ముద్దలా ఉంటుంది, ఎవరూ ముట్టుకోవాలనుకోరు. దాన్ని సముద్రపు నీటిలోనే మెల్లగా ఆడించి బురద పోగొడితే పక్కలనున్న ముళ్లు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో మెరవడం మొదలవుతుంది, ఒంటిని కాస్త తిప్పితే రంగు మారిపోతుంది. ఆ ముళ్లలో రంగు పదార్థమేదీ లేదు. లోపల అతి సన్నని గొట్టాలు షట్కోణాల వరుసలో పేర్చి ఉంటాయి, ఆ అమరికే కాంతిని విడదీసి మెరిపిస్తుంది. ఈ సంగతి 2001లో పరిశోధకులు వివరించారు. వెల్లకిలా తిప్పి చూస్తే అడుగున కణుపులు, ఇరువైపులా వరుసగా చిన్న కాళ్ల లాంటివి కనిపిస్తాయి. అప్పుడు తెలుస్తుంది, ఇది వానపాముకు దూరపు బంధువైన పురుగని. 1758లోనే జీవశాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి అఫ్రొడైటా అన్న పేరు పెట్టాడు. అక్కడి సముద్రపు అడుగున ఇది కొత్తదేమీ కాదు.

మూడో దారి గాలిది. నీలి డ్రాగన్ అని పిలిచే గ్లాకస్ మూడు సెంటీమీటర్లకు మించని నత్త జాతి ప్రాణి, గుల్ల ఉండదు. కడుపులో గాలి బుడగ దాచుకుని నీటి పైపొరకు వెల్లకిలా అతుక్కుని, వెచ్చని సముద్రాల్లో తేలుతూ పోతుంది. పోర్చుగీస్ మ్యాన్ ఆఫ్ వార్ లాంటి విషపు తేలుడు జీవులను తిని, వాటి కుట్టే కణాలను జీర్ణం చేసుకోకుండా తన ఒంటికున్న వేళ్ల లాంటి భాగాల కొసల్లో నిలవ చేసుకుంటుంది. అరచేతిలో పెట్టుకోవాలనిపించేంత అందంగా ఉంటుంది, దయచేసి పెట్టుకోకండి, బాగా కుడుతుంది. ఇలాంటిది ఒకటి కనిపిస్తే చుట్టూ చూడండి. ఊదా రంగు పలచటి గుల్లల జాంతినా నత్తలు, నీలి రంగు చక్రాల్లాంటి పోర్పిటాలు కూడా ఉంటే, కొన్ని రోజులుగా సముద్రం మీదుగా ఒడ్డు వైపు ఒకే తీరున గాలి వీచిందని అర్థం. ఇవి గుంపులుగా వస్తాయి. నీళ్లలోకి విసిరినా ఇవి గాలికి ఎదురు పోలేవు, మళ్లీ ఒడ్డుకే చేరతాయి.

ఈ మూడింటిలోనూ ఇమడనివి కొన్ని ఉంటాయి. 2021 మే నెలలో కాలిఫోర్నియాలోని క్రిస్టల్ కోవ్ ఒడ్డున, తలపై కాంతి దీపం వేలాడే పసిఫిక్ ఫుట్‌బాల్ ఫిష్ ఒకటి చెక్కుచెదరకుండా దొరికింది. వందల మీటర్ల లోతు చీకట్లో బతికే చేప అది. నిజంగా అబ్బురపడాల్సిన సందర్భం అంటే నాకు అదీ. అలాంటివి చాలా తక్కువ.

పేరు తేల్చడం దగ్గరే జనం ఎక్కువ టెన్షన్ పడతారు, ఫోన్‌లో యాప్ చెప్పిన మొదటి పేరునే పట్టుకుంటారు. ఇక్కడ ఓపిక కావాలి. మెత్తటి ఒంటి జీవి నీటి బయట తన ఆకారంలో ఉండదు. నీళ్లలో పువ్వులా విచ్చుకునే సీ ఎనిమోన్ గాలిలో జెల్లీ ముద్దే. జర్మన్ శాస్త్రవేత్త పల్లాస్ అంతటివాడు 1774లో ఆంఫియాక్సస్‌ను నత్త జాతిలో వేశాడు, ఎందుకంటే ఆయన చేతికి అందింది నిలవ చేసిన చచ్చిన నమూనా. 1834లో ఇటలీలోని నేపుల్స్‌లో కోస్టా అనే శాస్త్రవేత్త ప్రాణంతో ఉన్నవాటిని చూశాకే అది వెన్నెముక జీవుల వైపుదని గుర్తించారు. కాబట్టి వీలైతే ఆ జీవిని పక్కనున్న నీటి గుంటలోకి తడి చేతులతో మెల్లగా చేర్చి, అది విచ్చుకునేదాకా ఆగి ఫొటో తీయాలి. పైనుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, అడుగు భాగం ఒకటి, పరిమాణం తెలిసేలా పక్కన స్కేలు పెట్టి ఇంకొకటి. పై నుంచి తీసిన అందమైన ఫొటో ఒక్కటే ఉంటే నిపుణులు కూడా కుటుంబం పేరు దగ్గరే ఆగిపోతారు. దొరికిన ఇసుక ముతకదా, బురదా, రాళ్ల కిందా అన్నది కూడా చెప్పాలి. కొన్నిసార్లు మనం జీవి అనుకున్నది జీవే కాకపోవచ్చు. ఇసుకతో చేసిన రబ్బరు పట్టీలా, ఒకవైపు తెగిన వలయంలా కనిపించేది మూన్ స్నెయిల్ అనే నత్త గుడ్ల పొర. ఇసుకనూ జిగురునూ కలిపి వాటి మధ్య గుడ్లు పేరుస్తుంది. చాలామంది చెత్త అనుకుని ఏరి పారేస్తారు. అది వంగేంత మెత్తగా, విరగకుండా ఉందంటే లోపలి గుడ్లు ఇంకా పొదగలేదన్నమాట. అక్కడే వదిలేయాలి.

తెలియనిదాన్ని వట్టి చేత్తో ముట్టుకోవద్దన్న మాటను గట్టిగానే చెబుతాను. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల తీరాల్లో నీటి గుంటల్లో ఉండే నీలి వలయాల ఆక్టోపస్ అరచేతిలో ఇమిడిపోతుంది. బెదిరినప్పుడే వలయాలు మెరుస్తాయి, మామూలుగా గోధుమ రంగులో రాయిలా ఉంటుంది. కాటు నొప్పిగా కూడా ఉండకపోవచ్చు. దాని విషం టెట్రోడోటాక్సిన్ మాత్రం ఊపిరి కండరాలను స్తంభింపజేస్తుంది. విరుగుడు మందు లేదు, విషం దిగేదాకా కృత్రిమ శ్వాస అందించడమే మార్గం. కోన్ జాతి నత్త గుల్ల అందంగా ఉందని జేబులో వేసుకున్నవాళ్లను లోపలి ప్రాణి విషపు బాణంతో పొడిచిన సందర్భాలున్నాయి. ఒడ్డున చచ్చి ఎండిన జెల్లీ ఫిష్ కొసలు కూడా కుడతాయి.

జీవికి మేలు చేయాలని చేసే పనుల్లో కొన్ని కీడు చేస్తాయి. బొరియ జీవిని ‘పాపం, సముద్రంలో వేద్దాం’ అని లోతు నీళ్లలోకి విసిరితే చేపల నోట్లో పడుతుంది. దొరికిన మట్టంలోనే, మెత్తటి తడి ఇసుక మీద, నీడ పడేలా నిలబడి వదిలితే చాలు, ఆరోగ్యంగా ఉంటే తానే దిగిపోతుంది. మంచినీళ్లు పోయకూడదు, ఉప్పునీటి ప్రాణి ఒంట్లోకి నీరు చొరబడి ఉబ్బిపోతుంది. రాయి ఎత్తి చూస్తే ఉన్న తీరుగానే తిరిగి పెట్టాలి. పైవైపు నాచుకు ఎండ కావాలి, కింది ప్రాణులకు చీకటీ తడీ కావాలి. తిరగేసి వదిలేస్తే రెండు వైపులా చస్తాయి. తాబేలు, డాల్ఫిన్ లాంటివి ఒడ్డున పడితే నీళ్లలోకి నెట్టకుండా అటవీ శాఖకో, సముద్ర జీవుల రక్షణ బృందానికో కబురు పెట్టాలి. మన సంగతి కూడా చూసుకోవాలి. ఆటు ఇంకో గంట ఉందనగా దిగి, తగ్గే నీటి వెంట నడిచి, నీరు మళ్లగానే వెనక్కి తిరగాలి. మళ్లిన నీరు మొదటి గంటలో మెల్లగా వస్తున్నట్టే ఉంటుంది. మొత్తం పోటులో సగం మూడో, నాలుగో గంటల్లోనే ముంచుకొస్తుంది.

ఇక మిగిలింది రికార్డు. నాకు ఈ విషయంలో పట్టుదల ఉంది, ఎందుకంటే అరుదా కాదా అన్న ప్రశ్నకు జవాబు చివరికి అక్కడే దొరుకుతుంది. 2014 నుంచి 2016 దాకా ఈశాన్య పసిఫిక్ మామూలుకన్నా బాగా వేడెక్కింది. హాప్‌కిన్స్ రోజ్ అనే గులాబీ రంగు చిన్న సముద్రపు స్లగ్ (గుల్ల లేని నత్త), మామూలుగా దక్షిణ కాలిఫోర్నియా గుంటల్లో కనిపించేది, 2015లో ఉత్తరాన గుంపులు గుంపులుగా కనిపించింది. ఆ వేడి సమయంలో దక్షిణాది జాతులు 67 ఉత్తర కాలిఫోర్నియాలో నమోదయ్యాయని, వాటిలో 37 అంత ఉత్తరాన అంతకుముందెప్పుడూ కనిపించలేదని బొడేగా తీరంలో పనిచేసే శాస్త్రవేత్తలు 2019లో ప్రకటించారు. ‘అంతకుముందు కనిపించలేదు’ అని వాళ్లు ధైర్యంగా అనగలిగింది, అవే రాళ్ల దగ్గర అవే ఆట్లకు ఏళ్ల తరబడి తిరిగి ఏముందో, ఏం లేదో రాసిపెట్టినవాళ్లు ఉన్నారు కాబట్టి. మన దగ్గర ఫొటో ఉంటే దానికి తేదీ, చోటు, నీటి మట్టం, ఇసుక రకం, అంతకుముందు రోజుల గాలీ అలలూ జోడించి, జనం చూసిన జీవులను నమోదు చేసే ఐనాచురలిస్ట్ లాంటి ఆన్‌లైన్ వేదికలో పెట్టొచ్చు. అదే తీరానికి మళ్లీ వెళ్లినప్పుడు ఏమీ కనిపించకపోతే ఆ సంగతి కూడా తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకోవాలి.